రంగం దాకా ఒక్క పగలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు వైపు వెళ్ళే వాళ్ళకి నాదర్‌గుల్ పేరు కొత్త కాదు. ఆ ఊరి దగ్గర చిన్న రన్‌వే ఒకటి ఉంది. పెద్ద విమానాలు దిగే చోటు కాదది. పైలట్ కావాలనుకునే పిల్లలు బుల్లి విమానాల్లో ఎగరడం నేర్చుకున్న చోటు. డాబా మీద వడియాలు పెట్టుకుంటున్న ఇల్లాలు తల పైకెత్తి చూస్తే, ఆ చప్పుడు చేసుకుంటూ పోయే విమానంలో ఉన్నది అబ్బాయో అమ్మాయో కింది నుంచి ఎలాగూ తెలియదు.

పైలట్ ఉద్యోగానికి లైసెన్సు కావాలంటే మన దేశంలో ఓ నియమం ఉంది. పక్కన గురువు లేకుండా, ఒంటరిగా, కనీసం 300 నాటికల్ మైళ్ళు ఒకే ప్రయాణంగా వెళ్ళి రావాలి. అంటే దాదాపు 555 కిలోమీటర్లు. దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగాలి కూడా. అది చేసి చూపిస్తేనే ఈ పిల్ల దారి తప్పకుండా వెళ్ళగలదని నమ్ముతారన్న మాట.

ఈ లెక్కన చూస్తే, విమానాల చరిత్రలో అంత పేరు తెచ్చుకున్న ఎమీ జాన్సన్‌ను ఇంటి గడప కూడా దాటనివ్వకూడదు! ఎందుకంటే ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా బయల్దేరే నాటికి ఆవిడ వెళ్ళిన అతి పెద్ద దూరం లండన్ నుంచి తన పుట్టింటి ఊరు హల్ దాకా. మహా అయితే 240 కిలోమీటర్లు. వెళ్ళాలనుకున్నది 11,000 మైళ్ళు, అంటే పదిహేడు వేల కిలోమీటర్ల పైమాటే.

ఆ దారిలో ఆవిడ మన కరాచీ, ఝాన్సీ, కలకత్తాల మీదుగా పోయింది. మన తెలుగు వాళ్ళు తరతరాలుగా ఓడలెక్కి పోయిన రంగంలో దిగింది. రంగం అంటే తెలుసుగా? రంగూన్. ఈ తరం పిల్లలకు యాంగోన్ అని చెప్పాలి.

చేపల వ్యాపారి కూతురు

ఎమీ 1903 జూలై 1న ఇంగ్లండులోని హల్ రేవు పట్నంలో పుట్టింది. నాన్న చేపల వ్యాపారి. నలుగురు ఆడపిల్లల్లో ఈమే పెద్దది. డబ్బుకు ఇబ్బంది లేని ఇల్లే. బళ్ళో ఆడుకుంటుండగా క్రికెట్ బంతి మొహానికి తగిలి ముందు పళ్ళు విరిగాయి. నవ్వితే ఎవరేమనుకుంటారోనన్న బిడియం అప్పటినుంచి పట్టుకుంది. ఎదిగే వయసులో ఆడపిల్లకు అలాంటిది ఎంత బాధో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో చాలామంది ఆడపిల్లలకు అందని చదువు ఆమెకు అందింది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంతో బి.ఎ. పూర్తి చేసింది. తీరా డిగ్రీ చేతికొచ్చాక దొరికిందేమిటి? టైపిస్టు పని. మొదట హల్‌లో ఓ ప్రకటనల కంపెనీలో, తర్వాత లండన్‌లో ఓ న్యాయవాదుల ఆఫీసులో. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇంకొకరి ఉత్తరాలు టైపు కొట్టడం.

మధ్యలో ఓ ప్రేమ కథ కూడా నడిచింది. స్విట్జర్లాండుకు చెందిన ఓ వ్యాపారిని ఏళ్ళ తరబడి ప్రేమించింది. పెళ్ళి చేసుకుంటాడని ఎదురు చూసింది. 1928లో అతను ఇంకొకామెను పెళ్ళాడాడు. ఆ ఏడాదే, సెప్టెంబరులో, ఎమీ లండన్ పక్కనున్న స్టాగ్ లేన్ విమాన క్లబ్బులో పాఠాలు మొదలుపెట్టింది. మనసు విరిగి ఆకాశంలోకి పోయిందని తర్వాత కథలు రాసిన వాళ్ళున్నారు. కావచ్చు. కానీ మనసు విరిగిన వాళ్ళంతా ఇంజను విప్పి బిగించడం నేర్చుకోరు కదా!

జీతమంతా గాలికే

మొదటి పాఠం రోజే గురువుగారు పెదవి విరిచాడట. ఈ అమ్మాయికి విమానం పట్టుబడదన్నాడు. నిజంగానే ఆమెకు త్వరగా పట్టుబడలేదు. ఒంటరిగా ఎగరనివ్వడానికి ముందు దాదాపు పదహారు గంటల శిక్షణ పట్టింది. అంతకన్నా తక్కువ గంటల్లో పూర్తి చేసిన వాళ్ళు క్లబ్బులో బోలెడుమంది. టైపిస్టు జీతంలో గది అద్దె, తిండి పోను మిగిలిందంతా ఆ గంటలకే పోసింది. 1929 జూలైలో పైలట్ లైసెన్సు వచ్చింది.

అంతటితో ఊరుకుంటే ఆమె కథ మనదాకా వచ్చేది కాదు. విమానం నడపడం ఒక ఎత్తు, అది మొరాయిస్తే బాగు చేసుకోవడం ఇంకో ఎత్తు. క్లబ్బులో విమానాలు మరమ్మతు చేసే షెడ్డుంది. అక్కడికి ఆడవాళ్ళు వెళ్ళేవారు కాదు. ఎమీ వెళ్ళింది. పొద్దున్నే ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత, చేతులకు గ్రీజు పూసుకుని పని నేర్చుకుంది. జాక్ హంఫ్రీస్ అనే పెద్ద మెకానిక్ ఓపికగా నేర్పాడు. షెడ్డులో అందరూ ఆమెను మగపేరుతో జానీ అని పిలిచేవారు. ఆ ఏడాది డిసెంబరుకల్లా విమానాల మరమ్మతుకు ప్రభుత్వమిచ్చే లైసెన్సు సంపాదించింది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు పొందిన మొదటి ఆడమనిషి ఆమే.

ఆ తర్వాతే ఆస్ట్రేలియా మాట ఎత్తింది. 1928లో బర్ట్ హింక్లర్ అనే ఆయన ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు పదిహేనున్నర రోజుల్లో వెళ్ళాడు. ఆ లెక్కను తగ్గించాలన్నది ఈమె పట్టుదల. డబ్బెవరిస్తారు? కనపడిన పెద్ద మనిషికల్లా ఉత్తరం రాసింది. చాలామంది కాదన్నారు. చివరికి వేక్‌ఫీల్డ్ ప్రభువనే నూనె కంపెనీ యజమాని సగం, కన్నతండ్రి సగం పెట్టుకున్నారు. 600 పౌన్లకు సెకండ్ హ్యాండ్ జిప్సీ మాత్ విమానం వచ్చింది. దానికి జేసన్ అని పేరు పెట్టింది. అది నాన్నగారి చేపల వ్యాపారం మార్కు పేరు!

విమానం అంటే మనం ఎక్కేదాన్ని ఊహించుకోకండి. చెక్క చట్రం, దానిమీద గుడ్డ తొడిగిన రెక్కలు. పైన కప్పు లేదు. గంటకు మహా అయితే 85 మైళ్ళు, అంటే 137 కిలోమీటర్లు. రేడియో లేదు. దారి చూపడానికి మ్యాపు, దిక్సూచి, కింద కనిపించే నదులూ రైలు పట్టాలూ. దూర ప్రయాణం కోసం అదనంగా పెట్రోలు ట్యాంకులు పెట్టించుకుంది. ఆ పెట్రోలును చేతి పంపుతో కొట్టి పై ట్యాంకులోకి ఎక్కించాలి. ఒక చేత్తో నడుపుతూ రెండో చేత్తో పంపు కొడుతుంటే ఆ వాసనకు కడుపులో తిప్పేది.

ఆరు రోజుల్లో కరాచీ

1930 మే 5. ఆ తేదీ గుర్తుంచుకోండి. ఇక్కడ ఉప్పు సత్యాగ్రహం నడుపుతున్న గాంధీగారిని అర్ధరాత్రి దాటాక పోలీసులు అరెస్టు చేసింది ఆ రోజే. బర్మాలో పెగూ పట్నాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది కూడా ఆ రోజే. వందల మంది చనిపోయారు. రంగూన్‌లోనూ ఇళ్ళు కూలాయి. అదే రోజు పొద్దున లండన్ దగ్గరి క్రాయ్‌డన్ విమానాశ్రయం నుంచి ఇరవయ్యారేళ్ళ ఎమీ బయల్దేరింది. సాగనంపడానికి వచ్చింది నాన్న, కొద్దిమంది స్నేహితులు. పేపర్ల వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి రోజు వియన్నా, రెండో రోజు కాన్‌స్టాంటినోపుల్. మూడో రోజు టారస్ కొండల మధ్య మబ్బుల్లో దారి తెలియక కొండ అంచుకు తగలబోయి తప్పించుకుంది. నాలుగో రోజు బాగ్దాద్ దారిలో ఇసుక తుఫాను. కన్ను తెరవలేని గాలిలో ఎడారిలోనే దించేసింది. విమానం ఎగిరిపోకుండా దాని తోక మీద కూర్చుంది. దూరాన కుక్కల అరుపులు వినిపిస్తుంటే చేతిలో పిస్తోలు పట్టుకుని గాలి తగ్గేదాకా అలాగే ఉండిపోయింది. రాత్రి దిగిన చోటల్లా ముందు ఇంజను చూసుకోవడం, ఆ తర్వాతే తిండి, మిగిలితే మూడు నాలుగు గంటల నిద్ర.

మే 10న కరాచీలో దిగింది. లండన్ నుంచి ఆరు రోజులు. హింక్లర్‌కు అక్కడికి ఎనిమిది రోజులు పట్టింది. అంటే రెండు రోజులు ముందుందన్న మాట! అప్పుడు మేలుకున్నాయి పత్రికలన్నీ. నిన్నటిదాకా పేరు తెలియని టైపిస్టు పిల్ల మొదటి పేజీకి ఎక్కింది.

మర్నాడు కరాచీ నుంచి అలహాబాద్ చేరాలని లేచింది. ఎదురు గాలికి పెట్రోలు అయిపోవచ్చి, దారిలో ఝాన్సీలో సిపాయిల పరేడ్ మైదానంలో దిగింది. విమానం బారకాసుల మధ్యకు దూసుకుపోయి ఆగింది. రెక్క దెబ్బతింది. అక్కడి వాళ్ళ సాయంతో బాగు చేయించుకుని పన్నెండో తేదీకి కలకత్తా చేరింది. అప్పటికీ ఆమే ముందుంది.

కలకత్తా నుంచి రంగం

ఇక కలకత్తా నుంచి రంగూన్. గాలిలో లెక్కేస్తే దాదాపు 650 మైళ్ళు, మన లెక్కలో 1,040 కిలోమీటర్లు. జెట్ విమానానికి రెండు గంటల దూరం. జేసన్ లాంటి బుల్లి విమానానికి, గాలి కలిసొస్తే, ఏడెనిమిది గంటలు. అంటే ఒక్క పగలు.

అదే దూరం మన వాళ్ళకు ఎంత? విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కితే సముద్రం మీద మూడు నాలుగు రోజులు, రేవు రేవునా ఆగుతూ పోతే ఇంకా ఎక్కువ. డెక్కు మీద చాప పరుచుకుని, వాంతులు చేసుకుంటూ వెళ్ళిన వాళ్ళు వేలకు వేలు. పొలాల్లో పని లేక, అప్పులు తీరక, కోతలకూ రేవు పనులకూ రంగం పోయేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద తెలుగు వాళ్ళందర్నీ అక్కడ కోరింగీలని పిలిచేవారు. రంగం పోయింది ఎక్కువగా మగవాళ్ళే. ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్ళకు ఆ దూరం మైళ్ళలో లేదు. డబ్బు ఎప్పుడొస్తుంది, మనిషి ఎప్పుడొస్తాడు అనే లెక్కలో ఉంది.

మే 13న ఎమీ కలకత్తా నుంచి లేచింది. ఆ ఏడు వాన తొందరగానే పట్టుకుంది. అరకాన్ కొండల మీద మబ్బు, కింద ఏమీ కనపడని జడివాన. రంగూన్‌లో గుర్రప్పందాల మైదానంలో దిగాలి. వానలో అది కనపడలేదు. చీకటి పడేలోగా ఎక్కడో ఒకచోట దిగాలని ఊరికి పది మైళ్ళ లోపున్న ఇన్‌సీన్‌లో ఓ ఆటస్థలం చూసి దించింది. అది ప్రభుత్వ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ మైదానం. నేల మీద బాగానే దిగింది కానీ తడి గడ్డి మీద జారుకుంటూ పోయి చివర ఉన్న కాలువలో పడింది. ప్రొపెల్లర్ విరిగింది, చక్రాల కాళ్ళు వంగాయి, రెక్క గుడ్డ చిరిగిపోయింది.

రికార్డు పోయినట్టేనని ఆమెకు అర్థమైపోయింది. ఏడ్చిందట. ఏడ్చి, మళ్ళీ లేచి పని మొదలెట్టింది. అదృష్టం బాగుండి దిగింది టెక్నికల్ కాలేజీలో! అక్కడి పంతుళ్ళూ విద్యార్థులూ పనిముట్లతో వచ్చారు. వంగిన ఇనుము సాగగొట్టారు, విరిగిన చెక్క అతికారు. స్పేర్ ప్రొపెల్లర్ ఒకటి విమానం పక్కన కట్టి తెచ్చుకుంది కాబట్టి అది బిగించుకున్నారు. మరి రెక్కల గుడ్డ? యుద్ధకాలం నాటి విమానపు గుడ్డ మిగిలిపోతే ఎవరో చవకగా కొని చొక్కాలు కుట్టించుకున్నారట. ఆ చొక్కాల కుట్లు విప్పి రెక్కలకు కుట్టారు. గుడ్డ బిగిసి ఉండేందుకు పూసే ద్రావకాన్ని ఓ మందుల షాపతను కలిపి ఇచ్చాడు. పాత గుడ్డ పారేయకుండా దాచే అలవాటు ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో చూడండి!

ఈ మరమ్మతుకు మూడు రోజులు పట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెలో ఉన్నారు. ఓడల వాళ్ళు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. మే 26న సమ్మె సర్దుబాటై తెలుగు వాళ్ళు తిరిగి పనిలోకి వస్తే, పని పోయిన బర్మా కూలీలకూ వీళ్ళకూ గొడవ ముదిరి ఊరంతా అంటుకుంది. వంద మందికి పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది మన వాళ్ళే. ప్రపంచంలో పత్రికలన్నీ ఎమీ రెక్కకు వేసిన అతుకుల గురించి రాస్తున్న నెలలోనే, అదే ఊళ్ళో మన పల్లెల నుంచి పోయిన మనుషులు తెగిపోయారు. ఇంటికి కబురు ఎన్ని రోజులకు చేరిందో ఏమో.

ఆ దూరానికి ఇంకో లెక్క కూడా ఉంది. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక ఓడలు దొరకని వాళ్ళంతా కాలినడకన బయల్దేరారు. అరకాన్ దారిలో కొందరు, మణిపూర్ కొండల మీదుగా కొందరు. లక్షల మంది. అందులో తెలుగు కుటుంబాలెన్నో. వారాల తరబడి నడక. కలరాతో, ఆకలితో దారిలో రాలిపోయిన వాళ్ళెందరో. విమానానికి ఒక పగలు, ఓడకు మూడు రోజులు, కాళ్ళకు వారాలు. దూరం మాత్రం అదే.

గెలిచిందా, ఓడిందా?

మే 16న ఎమీ రంగూన్ గుర్రప్పందాల మైదానం నుంచి మళ్ళీ లేచి బాంకాక్ చేరింది. పద్దెనిమిదిన సింగపూర్. జావాలో దిగినప్పుడు పాతి ఉన్న వెదురు కర్రలు రెక్కల్లో గుచ్చుకుంటే, మనం వేలికి చుట్టుకునే ప్లాస్టరు అంటించి ముందుకు పోయింది. తిమోర్ దీవిలో చీకటి పడుతుంటే దారి తప్పి ఓ చర్చి దగ్గర దిగింది. ఒక రోజంతా కబురు లేదు. పోయిందనే అనుకున్నారు లోకమంతా.

మే 24న ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్‌లో దిగింది. మొత్తం పంతొమ్మిదిన్నర రోజులు. హింక్లర్ రికార్డు అలాగే ఉండిపోయింది. గడియారం చూస్తే ఓడిపోయినట్టే. కానీ ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళ ఆమే. అప్పట్నుంచి ఆమె ఒంటరిగా లేదు. ఊరూరా జనం, బహుమతులు, బిరుదు, పదివేల పౌన్లిచ్చి ఊరూరా ప్రదర్శనలు పెట్టించిన పత్రిక. ఆస్ట్రేలియాలోనే ఆమె ఒంట్లో శక్తి అయిపోయింది. విమానంలో పంతొమ్మిది రోజులు తట్టుకున్న మనిషి ఆ పొగడ్తల తాకిడికి తట్టుకోలేక మంచం పట్టింది.

గడియారంతో కాపురం

ఆ తర్వాత ఆమె జీవితమంతా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎన్ని గంటలు అన్న లెక్కే అయిపోయింది. 1931లో తనకు పని నేర్పిన హంఫ్రీస్‌తో కలిసి సైబీరియా మీదుగా టోక్యోకు పది రోజుల్లో వెళ్ళింది. 1932లో జిమ్ మోలిసన్ అనే పైలట్‌ను పెళ్ళాడింది. కలిసిన కొద్ది గంటల్లోనే అతను పెళ్ళి మాట ఎత్తాడట. ఆ నవంబరులోనే ఈమె లండన్ నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు నాలుగు రోజుల ఏడు గంటల్లోపు చేరి, అప్పటికున్న రికార్డును పది గంటలకు పైగా తగ్గించింది. ఆ రికార్డు ఎవరిదనుకున్నారు? కట్టుకున్న మొగుడిదే!

1934 అక్టోబరులో ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు పెద్ద పందెం పెట్టారు. భార్యాభర్తలిద్దరూ ఒకే విమానంలో పోటీకి దిగారు. లండన్ వైపు నుంచి కరాచీకి సుమారు 22 గంటల్లో వచ్చేశారు. నాలుగేళ్ళ కింద ఆరు రోజులు పట్టిన దారి! అయితే అక్కణ్ణుంచి అలహాబాద్ పోతూ దారి తప్పి జబల్‌పూర్‌లో దిగారు. అక్కడ విమానాలకు పనికొచ్చే పెట్రోలు లేదు. బస్సులకు పోసే పెట్రోలు పోయించుకున్నారు. ఇంజన్లు పాడైపోయి అలహాబాద్‌లో పందెం వదులుకోవాల్సి వచ్చింది.

కాపురం కూడా అలాగే నడిచింది. అతనికి తాగుడు, వేరే ఆడవాళ్ళు. ఆమెకు భర్త కన్నా తనకే ఎక్కువ పేరుండడం వల్ల వచ్చే ఇబ్బంది. మన ఇళ్ళల్లో భార్య జీతం భర్త జీతం కన్నా వంద రూపాయలు ఎక్కువైతేనే ముఖాలు ముడుచుకుంటాయి కదా. 1936లో ఒంటరిగా మళ్ళీ కేప్‌టౌన్ వెళ్ళి మూడు రోజుల ఆరున్నర గంటల్లో చేరింది. అదే ఆమె ఆఖరి పెద్ద రికార్డు. 1938లో విడాకులు. అప్పటికి ప్రయాణికుల విమానాలు ఎక్కడికంటే అక్కడికి తిరుగుతున్నాయి. రికార్డులు కొనేవాళ్ళు లేరు. పైలట్ ఉద్యోగాలేమో ఎక్కువగా మగవాళ్ళకే. ప్రపంచమంతా పేరు తెలిసిన మనిషి పని కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

గంట ప్రయాణం

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఫ్యాక్టరీల నుంచి సైనిక స్థావరాలకు విమానాలు చేర్చే సంస్థలో 1940లో చేరింది. అదే పని చేసే మగ పైలట్ల కన్నా ఆడవాళ్ళకు జీతం అయిదో వంతు తక్కువ. దాన్ని సమానం చేసింది 1943లో. అప్పటికి ఎమీ లేదు.

1941 జనవరి 4న స్కాట్లాండు నుంచి ఓ విమానం తీసుకుని బయల్దేరి, దారిలో బ్లాక్‌పూల్‌లో చెల్లెలింట్లో రాత్రి ఆగింది. మర్నాడు మంచు, దట్టమైన మబ్బు. అక్కణ్ణుంచి ఆక్స్‌ఫర్డ్ దగ్గరి కిడ్లింగ్టన్‌కు గంట ప్రయాణం. పొద్దున పదకొండు నలభై తొమ్మిదికి లేచింది. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో, చేరాల్సిన చోటికి వంద మైళ్ళ అవతల, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పారాచూట్‌లో దిగుతున్న మనిషిని ఓ ఓడ వాళ్ళు చూశారు. ఆ ఓడ కెప్టెన్ వాల్టర్ ఫ్లెచర్ గడ్డకట్టే నీళ్ళలోకి దూకాడు. ఆమెను అందుకోలేకపోయాడు. చలికి ఆయనా చనిపోయాడు. ఆమె శరీరం ఇప్పటిదాకా దొరకలేదు. ముప్ఫయ్యేడేళ్ళ వయసు.

పదకొండు వేల మైళ్ళు ఒంటరిగా పోయి వచ్చిన మనిషి గంట దూరంలో ఉన్న ఊరు చేరలేదు. ఆ ప్రయాణానికి బయల్దేరిన సమయం ఉంది, చేరిన సమయం లేదు. పాత జేసన్ మాత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

మళ్ళీ మన ఊరికి

ఎమీ పోయిన ఆరేళ్ళకు, 1947లో, మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ ప్రేమ్ మాథుర్ అనే ఆవిడకు పైలట్ ఉద్యోగమిచ్చింది. మన దేశంలో ప్రయాణికుల విమానాల్లో ఆ ఉద్యోగం దొరికిన తొలి మహిళ ఆవిడే. అంతకు ముందు ఎన్నో కంపెనీలు ఆడమనిషి నడిపితే ప్రయాణికులు ఎక్కరని వెనక్కి పంపాయి. హైదరాబాదు పంపలేదు.

ఇవాళ మన దేశంలో ఆడ పైలట్లు వింత కాదు. అయినా ఇంట్లో ఆడపిల్ల ఏదైనా దూరం చదువు మాటెత్తితే మనం ముందు అడిగేది ఒకటే. ఎంత దూరం? ఎన్ని గంటలు? రాత్రికి ఇంటికి వస్తావా? అడగడం తప్పు కాదు, తల్లి అన్నాక భయముంటుంది. ఎమీ నాన్నకూ భయం ఉండే ఉంటుంది. ఆయన ఆ భయంతో పాటే విమానం ఖరీదులో సగం కూడా ఇచ్చాడు.

ఈసారి డాబా మీద వడియాలు తిరగేస్తుంటే తల మీదుగా బుల్లి విమానం పోతే ఒకసారి లెక్క వేసి చూడండి. దాన్లో ఉన్న పిల్ల ఒంటరిగా పోవాల్సింది 555 కిలోమీటర్లు. అంటే కలకత్తా నుంచి రంగం దాకా ఉన్న దూరంలో సగం పైన కాస్త.